తెర, పరదా

తెలుగులో తెర అను మాట ఒక్కటే, దాని పనులు మాత్రము రెండు. పెండ్లిలో వధూవరుల నడుమ పట్టెడి తెర ఒకరినొకరు చూడకుండుటకు. తోలుబొమ్మలాటలో కట్టెడి తెర అందరును చూచుటకు. చలనచిత్రము వచ్చిన తరువాత వెండితెర అను పేరుతో ఈ రెండవ అర్థమే లోకమున స్థిరపడినది. కాని హైదరాబాదు పాతబస్తీలో, చార్మినారుకు నాలుగు దిక్కులనున్న వీధులలో నడచినవారికి మొదటి అర్థము కూడ మరపునకు రాదు. అక్కడ దానిని పరదా అందురు.

ఇటీవల మన యువకులలో చలనచిత్రములు తీయవలెనను కోరిక బాగుగా ప్రబలినది. జేబులో ఇమిడెడి టెలిఫోనులోనే కెమెరా దొరకుచున్నది గనుక ఆ కోరికకు అడ్డు కూడ లేదు. వారు సాధారణముగా అడిగెడి ప్రశ్నలు కటకములను గూర్చి, దీపములను గూర్చి, యంత్రములను గూర్చి. అవి అవసరమైన ప్రశ్నలే. కాని బొమ్మలతో కథ చెప్పుటలో వీనికన్న ముందు తేలవలసిన ప్రశ్న వేరొకటి కలదు: కెమెరా గడపకు ఏ వైపున నిలబడినది? ఈ నగరములో 130 ఏండ్లకు పైగా ఆ ప్రశ్న పలువురి ముందుకు వచ్చినది. ఒక్కొక్కరు ఒక్కొక్క విధముగా సమాధానము చెప్పినారు. కంటికి సంబంధించిన ఈ చరిత్రను చెవికి మాత్రమే అందెడి రేడియోలో చెప్పబూనుట కొంత సాహసమే. అయినను శ్రోతలు విన్నదానిని మనస్సులో గీసికొనుటకు అలవాటుపడినవారు గనుక ధైర్యము చేయుచున్నాను.

రాజా దీనదయాళుతో మొదలుపెట్టవలెను. ఆయన 1844లో మీరట్టు సమీపమున సర్ధనాలో జన్మించినాడు. రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోరులో ప్రభుత్వ నిర్మాణ శాఖయందు నక్షాలు గీసెడి ఉద్యోగము చేయుచు, 1874 ప్రాంతమున ఫోటోగ్రఫీ చేపట్టినాడు. 1880ల మధ్యభాగమున హైదరాబాదు చేరి ఆరవ నిజాము మహబూబ్ అలీఖానుకు ఆస్థాన ఛాయాగ్రాహకుడైనాడు. 1894లో నిజాము ఆయనకు రాజా బహాదూర్ ముసవ్విర్ జంగ్ అను బిరుదమునిచ్చినాడు. ముసవ్విర్ అనగా చిత్రములు వ్రాయువాడు. వెలుతురుతో బొమ్మ పట్టెడివానికి కుంచెతో బొమ్మ వ్రాసెడివాని పేరే ఇచ్చుట గమనింపదగినది.

ఆ కాలపు కెమెరా ముక్కాలిపై నిలిపిన పెద్ద పెట్టె. ఛాయాగ్రాహకుడు వెనుక వైపున నల్లగుడ్డలో తల దూర్చిన గాని గాజుపలకపై బొమ్మ కనబడదు. కనబడినను తలక్రిందులుగా కనబడును. పలక ఒకటి పాడైనచో మరల అందరినీ కదలకుండ నిలబెట్టవలెను. అందుచేత దృశ్యమును ముందుగనే కూర్చుకొనుట తప్పనిసరి. ఎవరు కూర్చుండవలెను, ఎవరు నిలువవలెను, వెలుతురు ఏ చెంపపై పడవలెను, ఇవన్నియు నల్లగుడ్డ బయటనే తేలిపోవలెను. నేటి దర్శకులు షాటు కూర్పు అని పిలుచు విద్య ఇదియే.

1902లో వైస్రాయి కర్జను ప్రభువు, ఆయన భార్య నిజాము రాజ్యములో వేటకు వచ్చినప్పుడు వరంగల్లు ప్రాంతమున నెక్కొండ వద్ద దీనదయాళు తీసిన చిత్రము చాల ప్రసిద్ధము. చచ్చిన పులి ముందు దొర, దొరసాని. వేటలో ఉండెడి భయము, డప్పులు కొట్టుచు అడవిని గాలించిన పల్లెవాండ్రు, పరుగులు తీసిన జనము, ఇవి ఏవియు చిత్రములోనికి రాలేదు. కథలోని చివరి వాక్యము మాత్రమే మనకు కనబడుచున్నది. ప్రభువులు చెప్పించుకొనెడి కథ అట్లే ఉండును. ఆస్థానములోని ఛాయాగ్రాహకునకు నిలబడవలసిన చోటును ఆస్థానమే నిర్ణయించినది.

కాని అదే దీనదయాళు 1892లో హైదరాబాదులో జనానా స్టూడియో ఒకటి తెరిపించినాడు. పరదా పాటించెడి కుటుంబముల స్త్రీలు అక్కడికి వచ్చి ఫోటో తీయించుకొనవచ్చును. ఎత్తైన గోడల నడుమ ఏర్పాటు. లోపల కెమెరా నడిపినది కెన్నీ లెవిక్ అను ఆంగ్ల వనిత. ఆ రోజులలో స్టూడియోలకు సూర్యకాంతియే ఆధారము. వెలుతురు లోపలికి రావలెను, పరుల చూపు మాత్రము రాకూడదు. ఈ రెండింటిని సమన్వయించుట చిన్న సంగతి కాదు. నాకు ఆయన తీసిన మహళ్ళ చిత్రములకన్న, దర్బారు చిత్రములకన్న ఈ ఏర్పాటే గొప్పగా తోచును. స్త్రీలను బయటకు లాగి చూపవలెనని ఆయన పట్టుపట్టలేదు. వారు గడప దాటరు గనుక వారి చిత్రమే వద్దని ఊరకుండనూ లేదు. కెమెరా వెనుకనుండెడి మనిషిని మార్చినాడు. లోపలికి పోదగిన కన్ను దొరకిన తరువాత కటకమును గూర్చిన ప్రశ్న సులభమైనది.

దీనదయాళు 1905లో మరణించినాడు. ఆయన గాజుపలకలు సుమారు 2800 నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున భద్రముగా ఉన్నవి. గాజు పగులును గాని కుళ్ళదు. ఇక చెప్పబోయెడి కథలో ఈ అదృష్టము లేదు.

ధీరేంద్రనాథ గంగూలీ 1893లో కలకత్తాలో పుట్టినాడు. శాంతినికేతనములో చదివి, హైదరాబాదులో నిజాము ఆర్టు కళాశాలయందు ప్రధానోపాధ్యాయుడుగా పనిచేసినాడు. ఆయనకొక విచిత్రమైన వ్యసనము. రకరకముల వేషములు వేసికొని తన ఫోటోలు తానే తీయించుకొనెడివాడు. ముసలివాడు ఆయనే, యువతి ఆయనే, కోపిష్ఠి ఆయనే, ఏడ్చువాడును ఆయనే. 1915లో వీనిని ‘భావేర్ అభివ్యక్తి’ అను పుస్తకముగా వెలువరించినాడు. ఒకే ముఖము ఎన్ని మనుష్యులు కాగలదో పుట పుటకు చూపిన గ్రంథమది. భరతముని నాటినుండి మనకు తెలిసిన భావాభినయమును ఆయన కెమెరా ఎదుట పరీక్షించినాడన్న మాట.

ఆయన ముందు కలకత్తాలో మిత్రులతో కలిసి ఇండో బ్రిటిష్ ఫిలిం కంపెనీ స్థాపించి, 1921లో ‘బిలేత్ ఫేరత్’ అను హాస్యచిత్రమును తీసుకొనివచ్చినాడు. సీమకు పోయి వచ్చిన బాబులను ఎగతాళి చేసిన చిత్రమది. తరువాత, 1922లో, హైదరాబాదు తిరిగివచ్చి నిజాము ఆదరమున లోటస్ ఫిలిం కంపెనీని నెలకొల్పినాడు. ‘ఇంద్రజిత్తు’, ‘యయాతి’, ‘హరగౌరి’, ‘చింతామణి’, ‘లేడీ టీచర్’, ‘మ్యారేజ్ టానిక్’ మొదలైన చిత్రములు వెంటవెంటనే వెలువడినవి. ప్రదర్శనకు సినిమాశాలలు కూడ ఆయన నడిపినాడు. సారథీ స్టూడియో పుట్టుటకు 30 ఏండ్లకు పైగా పూర్వమే హైదరాబాదు చలనచిత్ర నిర్మాణ స్థానమైనదను సంగతి చాలమందికి తెలియదు.

ఇక్కడ ఒక్క నిమిషము ఆగి మూగచిత్రపు పనిని గూర్చి చెప్పవలెను. కెమెరాను చేతితో పిడి త్రిప్పి నడపెడివారు. సెకనుకు సుమారు 16 బొమ్మలు. త్రిప్పెడి చేయి మందగించినచో తెరపై మనుష్యులు పరుగెత్తుదురు, వేగించినచో తూలుదురు. నాటి ఫిలిమునకు ఎరుపు రంగు పట్టదు, పెదవుల ఎరుపు నల్లగా పడును. నీలి ఆకాశము తెల్లకాగితమగును. అందుచే వేషధారి ముఖమునకు వేసెడి రంగు కంటికి ఎట్లుండునని గాక ఫిలిమునకు ఎట్లుండునని ఆలోచింపవలెను. మాట అవసరమైనచోట బొమ్మను ఆపి అక్షరముల పలకను చూపెడివారు. హైదరాబాదు రాజ్యములో ఉర్దూ, తెలుగు, మరాఠీ, కన్నడము మాటలాడు ప్రజలున్నారు. ఎన్ని భాషలలో అక్షరములు వ్రాసినను చదువు వచ్చినవారు కొందరే. తెర ప్రక్కన ఒకడు నిలబడి పెద్దగా చదివి వినిపించుట మన దేశమున పలుచోట్ల ఉన్న పద్ధతి. అటువంటి సభకు కథ చెప్పవలెనన్న బొమ్మయే నాలుక కావలెను. గంగూలీ ముఖవిద్య ఇక్కడ పనికివచ్చినది.

అయితే ముఖము ఒక్కటే చాలునా? ఆ దశాబ్దముననే రష్యాలో కులెషోవ్ అను దర్శకుడు ఒక ప్రయోగము చేసినాడు. ఏ భావమును లేని ఒక నటుని ముఖమును తీసి, దాని ప్రక్కన ఒకసారి ఆహారపు గిన్నెను, ఒకసారి శవపేటికను, ఒకసారి స్త్రీని అతికించినాడు. చూచినవారు ఆ ముఖములో ఆకలిని, దుఃఖమును, కోరికను చూచినామని మెచ్చుకొన్నారట. ముఖము మాత్రము మారలేదు. మార్పు రెండు బొమ్మల నడుమనున్న అతుకులో పుట్టినది, చూచువాని మనస్సులో పుట్టినది. ఈ సత్యమును రష్యావారు ప్రయోగశాలలో కనుగొనిరి. గంగూలీకి అది హైదరాబాదులో వేరొక విధముగా, బహు కఠినముగా ఎదురైనది.

1924లో ఆయన తన సినిమాశాలలో ‘రజియా బేగం’ అను చిత్రమును ప్రదర్శించినాడు. అది ఆయన తీసినది కాదు. ఢిల్లీ సింహాసనమెక్కిన సుల్తానా రజియా ప్రణయగాథ. రజియా 1236 నుండి 1240 వరకు ఏలినది. ఆమె స్త్రీవేషమును విడిచి, అంగీ కుళ్ళాయి ధరించి, ఏనుగుపై ప్రజలందరికి కనబడునట్లు వెళ్ళెడిదని ఆమె కాలపు చరిత్రకారుడు మిన్హాజ్ వ్రాసియున్నాడు. అనగా పరదాను దాటిన రాణి కథయే ఇది. ఆమెకును సేవకునకును ముడిపెట్టిన మాట గ్రంథములలో శతాబ్దములుగా ఉన్నదే. చదివినవారు చదివినారు, ఏడవ నిజాము ఉస్మాన్ అలీఖాను ఆస్థాన పండితులు సైతము చదివియే యుందురు. కాని తెరపై రాణి ముఖము కనబడి, తరువాత ఆమె చూచిన పురుషుని ముఖము కనబడినచో, నడుమనున్న మాటను ప్రేక్షకుడే పూరించుకొనును. అక్షరములో దాగిన సంగతి అతుకులో బయటపడును. నిజాము ఆగ్రహించినాడు. గంగూలీని వెంటనే రాజ్యము విడిచిపొమ్మని ఆజ్ఞ అయినది. లోటస్ కంపెనీ అంతటితో ముగిసినది.

రాజాజ్ఞను సమర్థించెడివారు నేడు ఉండరు. అయినను ఆ ఆజ్ఞలో ఒక విధమైన గుర్తింపు కూడ ఉన్నదని నా భావము. తెరపై బొమ్మ పుస్తకమువంటిది కాదని, వేల జనము చీకటిలో ఒక్కసారిగా ఒకే ముఖమును చూచుట వేరొక శక్తియని ఆ ప్రభువు గ్రహించినాడు. ఆనాటి విద్యావంతులలో పలువురు సినిమాను పిల్లల వినోదముగా తలచుచుండినప్పుడు, దానిని చూచి భయపడినవాడు దానికి ఎక్కువ విలువ కట్టినవాడే కదా!

గంగూలీ కలకత్తా వెళ్ళి మరల కంపెనీలు పెట్టినాడు, టాకీలు వచ్చిన తరువాత న్యూ థియేటర్సులో చేరినాడు. 1975 సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారము ఆయనకు లభించినది. 1978లో కాలధర్మము చెందినాడు. కాని హైదరాబాదులో తీసిన ఆ చిత్రములలో ఒక్కటియు నేడు చూచుటకు దక్కలేదు. నాటి ఫిలిము నైట్రేటుతో చేసినది. అది ఎండకు చెడును, నిప్పు తగిలిన క్షణములో మండును. పాతబడిన రీళ్ళనుండి వెండి తీసికొనుటకు కరగించుటయు ఆ రోజులలో కలదు. మన దేశమున తీసిన మూగచిత్రములు వెయ్యికి పైగా ఉండగా, మిగిలినవి తునకలతో కలిపి కొన్ని పదులు మాత్రమే. ‘యయాతి’లో ముసలితనము కొడుకునకు సంక్రమించెడి ఘట్టమును గంగూలీ ఎట్లు చూపినాడో! అంతటి వేషధారి ఆ ఘట్టమును ఊరక విడిచియుండడు. ఊహించుకొనవలసినదే.

తరువాతి నలుబది ఏండ్లను త్వరగా దాటవచ్చును. 1932లో ‘భక్త ప్రహ్లాద’తో తెలుగు చిత్రమునకు మాట వచ్చినది. మాటతోపాటు పద్యమును వచ్చినది, నాటకశాల మొత్తము తెరపైకి ఎక్కినది. మైక్రోఫోను చుట్టును నటులు చేరవలసివచ్చుటచే కెమెరా కాళ్ళు కొంతకాలము కట్టుబడినవి. తెలుగు చిత్రపరిశ్రమ మద్రాసున స్థిరపడి అక్కడ గొప్ప కన్నులను సంపాదించుకొన్నది. ‘మాయాబజార్’లో మార్కస్ బార్ట్లే స్టూడియో దీపములతో కురిపించిన వెన్నెలను 1957లో చూచినవారు మరువలేదు. కాని ఆ వెన్నెలలో చార్మినారు లేదు.

హైదరాబాదును చూచెడి కన్ను మరల ఒక ఫోటోగ్రాఫరు ఇంటినుండియే వచ్చినది. శ్యామ్ బెనెగల్ 1934లో తిరుమలగిరిలో జన్మించినాడు. తండ్రి శ్రీధర్ బెనెగల్ ఛాయాగ్రాహకుడు. తండ్రి కెమెరాతో 12 ఏండ్ల వయస్సుననే బెనెగల్ తన మొదటి చిత్రమును తీసినాడు. నిజాము కళాశాలలో చదువుచు హైదరాబాదు ఫిలిం సొసైటీని స్థాపించినాడు. బొంబాయిలో వందలకొలది ప్రకటన చిత్రములు తీసి చేయి తిరిగిన తరువాత, 1974లో ‘అంకుర్’ విడుదలైనది. నగరపు అంచున అప్పటికి పల్లెగానున్న ఎల్లారెడ్డిగూడలో తీసినారు. గోవింద్ నిహలానీ ఛాయాగ్రహణము. పాత్రలు మాటలాడినది దక్కనీ నుడికారము.

పట్టణమునుండి వచ్చిన యువ భూస్వామి సూర్య, అతని ఇంట పనిచేసెడి లక్ష్మి, ఆమె భర్త కిష్టయ్య. కిష్టయ్య చెవిటివాడు, మూగవాడు. మాటాడలేని మనిషిని కథ నడుమ నిలుపుటచే దర్శకుడు మూగచిత్రపు విద్యను మరల చేతబట్టవలసివచ్చినది. చివరి ఘట్టము చూడుడు. పని అడుగుటకు వచ్చెడి కిష్టయ్యను పగ తీర్చుకొన వచ్చుచున్నాడని భ్రమించి సూర్య కొరడాతో కొట్టును. లక్ష్మి శపించును. సూర్య ఇంటిలోనికి దూరి తలుపు వేసికొని దాగును. అంతవరకు గడప లోపల అధికారముతో నిలచినవాడు ఇప్పుడు అదే తలుపు చాటున వణకుచున్నాడు. ఒక చిన్న పిల్లవాడు రాయి తీసి అద్దపు కిటికీపై విసరును. తెర ఎరుపెక్కును. ఉపన్యాసము లేదు. ఎవరి తలుపు, ఎవరి రాయి అను రెండు సంగతులు ప్రేక్షకునకు తెలిసిన చాలును.

గడప లోపలనే కెమెరాను నిలిపినవాడు మన బి. నర్సింగరావు. ఆయన 1988లో తీసిన ‘దాసి’ తెలుగు చిత్రము, కథాకాలము 1920లు. అనగా నగరములో గంగూలీ మూగచిత్రములు ఆడుచున్న దశాబ్దములోనే తెలంగాణ పల్లెలో ఒక దొర గడీ లోపల ఏమి జరిగినదో చెప్పెడి కథ. అర్చన ధరించిన కమలాక్షి ఆ గడీలో ఆడపాప. సంభాషణలు మిక్కిలి తక్కువ. నీళ్ళు మోయుట, కాళ్ళు పిసుకుట, పిలిచినప్పుడు పోవుట, ఇవియే కథ. దొర వలన గర్భము వచ్చుట, దానిని తీసివేయవలసినదని దొరసాని ఆజ్ఞాపించుట, ఇవి కూడ అరుపులు లేకుండ జరిగిపోవును. అపూర్వ కిశోర్ బీర్ కెమెరా, చిత్రకారుడు తోట వైకుంఠము కళాదర్శకత్వము. 5 జాతీయ బహుమతులు వచ్చినవి. పాటలు, పోరాటములు లేవని కొందరు దీనిని నీరసమన్నారు. ఆ మౌనము ఆడపాప నోటికి వేసిన తాళము. దానిని వినుటకు ఓపిక కావలెను.

ఇక పాతబస్తీకి వత్తము. 1948 తరువాత నిజాము కొలువు చెదరిపోగా, దేవిడీలను, సర్కారు జీతములను నమ్ముకొన్న కుటుంబములు ఎన్నియో చితికిపోయినవి. 1970లలో అరబ్బు దేశములకు చమురు సంపద వెల్లువయైనది. ఈ రెండింటి నడుమ కొన్ని పేద ఇండ్ల ఆడపిల్లలు చిక్కిరి. డబ్బు తెచ్చెడి ముసలి వరునకు నిఖా, కొలది దినములలో ప్రయాణము. ఈ సంగతిని 1982లో సాగర్ సర్హదీ ‘బజార్’ అను చిత్రముగా తీసినాడు. మరుసటి ఏడు బెనెగల్ ఈ నగరమునే నేపథ్యముగా తీసికొని వేశ్యాగృహమును గూర్చి ‘మండీ’ తీసినాడు. రెండు పేర్లకును అర్థము అంగడియే.

‘బజార్’లో స్మితా పాటిల్ ధరించిన నజ్మా కుదిర్చెడివారి పక్షమున నిలచిన స్త్రీ. తానును ఒకప్పుడు పేదరికమునకు బలియైనదే. సుప్రియా పాఠక్ శబ్నం, ఫారూఖ్ షేఖ్ సర్జూ, పరస్పరము ప్రేమించుకొన్న పేదలు. గల్ఫునుండి వచ్చిన ధనికుని కన్ను శబ్నంపై పడును. పెండ్లి జరుగును, పిల్ల ప్రాణము తీసికొనును. సర్హదీ ప్రధానముగా రచయిత. సాంకేతికముగా ‘అంకుర్’ బిగువు ఇందులో లేదని ఒప్పుకొనవలెను. కొన్ని చోట్ల మాట బొమ్మను మించిపోవును. కాని కెమెరా నిలచిన చోటు సరియైనది. శబ్నంను చూచెడివారి వరుసలో అది మనలను కూడ కూర్చుండబెట్టును. వరుడు చూచును, మధ్యవర్తి చూచును, ఇంటివారు చూతురు, నజ్మా చూచును. అందరును చూచిరి గాని ఎవరును ఆపలేదు. స్మితా పాటిల్ ముఖమున క్రమముగా తోచెడి అపరాధ భావమునకు కులెషోవ్ అతుకు అక్కరలేదు. ఆమె ఎదుటనున్నది ఏమిటో మనకు ముందే తెలియును.

దీనదయాళు జనానాకు ఎత్తైన గోడ కట్టించినది పరుల చూపు పడకుండుటకు. ‘బజార్’ నాటికి చూపు గోడ లోపలికి డబ్బుతో వచ్చినది. పరదా ఉన్నది, అది ఎవరిని కాపాడవలెనో వారిని కాపాడలేదు.

1991 ఆగస్టులో హైదరాబాదునుండి ఢిల్లీ పోవు విమానములో పాతబస్తీకి చెందిన పదేండ్ల బాలిక ఒకతె ఏడ్చుచు కూర్చున్నది. ప్రక్కనున్నవాడు ఆమెను పెండ్లాడి సౌదీ అరేబియాకు తీసుకొనిపోవుచున్న వృద్ధుడు. విమానము నిండ ప్రయాణికులున్నారు. ఒక విమాన పరిచారిక ఆ ముఖమును గమనించి, దగ్గరకు పోయి విచారించినది. ఢిల్లీలో పోలీసులు బాలికను విడిపించినారు. అప్పటికి ‘బజార్’ విడుదలై 9 సంవత్సరములు గడిచినవి.